విద్యుదయస్కాంత తరంగాలను మింగే కార్బన్ మిశ్రమాలు: కార్బన్ బ్లాక్, నానోట్యూబులు, గ్రాఫీన్, మాక్సీన్‌లలో ఏ పనికి ఏది

శోషక పదార్థం కావాలని వచ్చేవారు ఎం.టెక్ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులైనా, ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేసే చిన్న కంపెనీల ఇంజినీర్లైనా, ఎక్కువమంది పదార్థం పేరుతోనే మాట మొదలుపెడతారు. గ్రాఫీన్ మంచిదా, నానోట్యూబులు మంచివా, ఈ మధ్య అందరూ చెబుతున్న మాక్సీన్ (టైటానియం వంటి లోహం, కార్బన్ కలిసిన అతిపలుచని రేకుల పదార్థం) తెప్పించుకుందామా అని అడుగుతారు. నా ఉద్దేశంలో పదార్థం పేరు చిట్టచివర తేలవలసిన సంగతి. అణచవలసిన తరంగం పౌనఃపున్యం ఎంత, పూతకు ఎంత మందం ఇవ్వగలరు, దాని వెనక లోహం ఉందా లేదా, ఎంత బరువు పెరిగినా ఫరవాలేదు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకుంటే, సగానికి సగం పేర్లు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. మిగిలినవాటి మధ్య ఎంచుకోవడానికే ఈ వ్యాసం.

అడ్డుకోవడం వేరు, మింగడం వేరు

తరంగం ఒక పలకను తాకినప్పుడు అందులో కొంత వెనక్కి తిరిగివస్తుంది, కొంత పలక లోపల వేడిగా మారుతుంది, మిగిలింది అవతలికి దాటుతుంది. అవతలికి దాటకుండా చూసేది షీల్డింగ్. మామూలు అల్యూమినియం రేకు డబ్బా ఆ పని చక్కగా చేస్తుంది, ఎందుకంటే వచ్చిన తరంగాన్ని దాదాపు మొత్తంగా వెనక్కి కొడుతుంది. శోషకం చేయవలసిన పని ఇందుకు భిన్నం: తరంగం ముందు ముఖం దగ్గర ఆగిపోకుండా లోపలికి రావాలి, వచ్చాక అక్కడే అణగిపోవాలి. 2016లో టైటానియం కార్బైడ్ మాక్సీన్ పొర 45 మైక్రోమీటర్ల మందంతోనే 92 డెసిబెల్‌ల షీల్డింగ్ ఇచ్చిందన్న ఫలితం వెలువడినప్పటి నుంచి, ఆ సంఖ్యను శోషణకు కొలమానంగా చూపించేవారిని నేను తరచుగా చూస్తున్నాను. అది షీల్డింగ్ సంఖ్య. అంత వాహకత ఉన్న పొర తరంగంలో చాలా భాగాన్ని ముందు ముఖం మీదే తిప్పికొడుతుంది. రాడార్ ప్రతిధ్వని తగ్గించాలనుకునేవారికి దానివల్ల నష్టమే తప్ప లాభం లేదు.

ఈ తేడా ఇంట్లో వాడే పరికరాల స్థాయిలోనూ కనబడుతుంది. లోహపు డబ్బాలో పెట్టిన సర్క్యూట్ బోర్డు నుంచి వెలువడిన తరంగం బయటికి పోలేక గోడల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, కొన్ని పౌనఃపున్యాల దగ్గర అనునాదం చెంది, ఆ బోర్డునే ఇబ్బందిపెడుతుంది. అక్కడ మూత లోపలి వైపు అంటించే పలుచని శోషక షీటు కావాలి. ఇంకొక షీల్డు పెట్టినందువల్ల ఉపయోగం ఉండదు.

కార్బన్ ఎక్కువైతే ఎందుకు చెడుతుంది

శూన్యంలో తరంగానికి ఉండే అవరోధం సుమారు 377 ఓములు. పలక ముందు ముఖం దగ్గర తరంగానికి ఎదురయ్యే అవరోధం దీనికి దగ్గరగా ఉంటే అది లోపలికి వస్తుంది, దూరంగా ఉంటే వెనక్కి మళ్లుతుంది. కార్బన్ నానో పదార్థాలన్నీ విద్యుత్తును బాగా ప్రవహింపజేసేవే కాబట్టి, ఎపాక్సీలోనో రబ్బరులోనో కొద్దికొద్దిగా కలుపుతూ పోతే ఒక మోతాదు దగ్గర రేణువులు ఒకదానికొకటి తగిలి పలక అంతటా తీగల వల లాంటిది ఏర్పడుతుంది. ఆ గడపకు అటూ ఇటూ ఉన్న చిన్న పరిధిలోనే మంచి శోషణ దొరుకుతుంది. గడపకు చాలా తక్కువగా కలిపితే తరంగం లోపలికి వస్తుంది కాని అణగదు. చాలా ఎక్కువ కలిపితే పలక లోహంలా ప్రవర్తించి తరంగాన్ని తిప్పికొడుతుంది. మోతాదు మించితే మందు కూడా విషమన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఏ కార్బన్‌ను ఎంచుకున్నా దాని గడప ఎక్కడుందో ముందు తెలుసుకోవాలి. నానోట్యూబులకు అది తరచుగా బరువులో 1 శాతం లోపే ఉంటుంది, సాధారణ కార్బన్ బ్లాక్‌కు 10 శాతం దాటడం కూడా మామూలే.

పౌనఃపున్యం దగ్గరే సగం నిర్ణయం తేలిపోతుంది

వెనక లోహం ఉన్న ఒంటిపొర శోషకం బాగా పనిచేయాలంటే దాని మందం, ఆ పదార్థంలో తరంగదైర్ఘ్యానికి నాలుగోవంతు దరిదాపుల్లో ఉండాలి. 10 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలో తరంగదైర్ఘ్యం 30 మిల్లీమీటర్లు. పెర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే సంఖ్య) 9 ఉన్న మిశ్రమంలో అది 10 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది, అందులో నాలుగోవంతు 2.5 మిల్లీమీటర్లు. దీన్నే మచిలీపట్నంలోని వాతావరణ రాడార్ వాడే ఎస్ బ్యాండ్‌కు అన్వయించి చూడండి. అక్కడ తరంగదైర్ఘ్యం 10 సెంటీమీటర్లకు పైచిలుకు కాబట్టి అదే మిశ్రమం దాదాపు 9 మిల్లీమీటర్ల మందం కావాలి. ఇక తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే రాడార్ తరంగదైర్ఘ్యం ఐదున్నర మీటర్లు దాటుతుంది. ఆ పౌనఃపున్యం దగ్గర పలుచని కార్బన్ పూత గురించి ఆలోచించవలసిన పనే లేదు.

కాబట్టి 1 గిగాహెర్ట్జ్ కంటే తక్కువైతే కార్బన్‌ను వదిలి ఫెర్రైట్ (ఇనుప ఆక్సైడుతో చేసే అయస్కాంత సిరామిక్) పలకల వైపు చూడాలి. 30 మెగాహెర్ట్జ్ నుంచి 1 గిగాహెర్ట్జ్ వరకు పరీక్షా గదుల గోడలకు సుమారు 6 మిల్లీమీటర్ల ఫెర్రైట్ పలకలు అతికించేది ఇందుకే. 2 నుంచి 18 గిగాహెర్ట్జ్ మధ్య కార్బన్, అయస్కాంత పొడి రెండూ కలిసిన మిశ్రమాలకు అసలైన బలం ఉంది. అంతకు పైకి పోయేకొద్దీ, ముఖ్యంగా కార్ల రాడార్లు వాడే 76 నుంచి 81 గిగాహెర్ట్జ్ పట్టీలో, అయస్కాంత పదార్థాల పెర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రానికి స్పందన) గాలికి ఉన్నట్టే 1కి పడిపోయి వాటి బరువు వృథా అవుతుంది. అక్కడ కార్బన్ ఒక్కటే చాలు, పెర్మిటివిటీ 6 ఉంటే మందం కూడా 0.4 మిల్లీమీటరుతో సరిపోతుంది. ఈ మూడు గీతలు ముందే గీసుకున్నవారు అనవసరపు ఖర్చు చాలావరకు తప్పించుకుంటారు.

ఒక్కొక్క పదార్థం గురించి

కార్బన్ బ్లాక్‌ను చిన్నచూపు చూడకండి. టైర్లలో కలిపే నల్లపొడి జాతికి చెందినదే ఇది. వాహకత కోసం ప్రత్యేకంగా తయారుచేసే రకాల ధర కొంచెం ఎక్కువైనా మిగతావాటితో పోలిస్తే చాలా చవక. ప్రతిధ్వని రహిత గదుల గోడల మీద కనిపించే నీలం లేదా నలుపు పిరమిడ్లు కార్బన్‌ను పీల్చుకున్న పాలియురేథేన్ ఫోమ్‌తో చేసినవే. మందానికి హద్దు లేని చోట, బరువు సమస్య కాని చోట, నమ్మకంగా పదేపదే ఒకే ఫలితం కావలసిన చోట నేను మొదట సూచించేది ఇదే. ఎక్కువ శాతం కలపవలసి రావడంతో రబ్బరు గట్టిపడుతుంది, సాగే గుణం తగ్గుతుంది. ప్రధానమైన లోటు అంతే. ఇక శోషణ అంటే తరంగం వేడిగా మారడమేనని, ఫోమ్ ఆ వేడిని బయటికి పంపలేదని గుర్తుపెట్టుకోవాలి. బలమైన ట్రాన్స్‌మిటర్ ముందు ఫోమ్ పిరమిడ్లు పెట్టేవారు తయారీదారు ఇచ్చిన శక్తి హద్దును తప్పకుండా చూసుకోవాలి.

మల్టీవాల్ నానోట్యూబుల బలం వాటి ఆకారంలో ఉంది. 10 నానోమీటర్ల వ్యాసం, మైక్రోమీటర్లలో పొడవు ఉండడంవల్ల ఒక్కొక్క గొట్టం తన వ్యాసానికి వందల రెట్ల దూరం అందుకుంటుంది, అందుకే చిటికెడు కలిపినా వల ఏర్పడుతుంది. తక్కువ మోతాదు కాబట్టి ఎపాక్సీ బలం పాడవదు, కొన్నిసార్లు మెరుగవుతుంది కూడా. డ్రోన్ రెక్క లాంటి భారం మోసే భాగమే శోషకంగానూ పనిచేయాలంటే ఇదే సరైన దారి. అయితే ఈ లాభమంతా కలపడంలోనే నిలుస్తుంది లేదా పోతుంది. నానోట్యూబులు ఒకదానికొకటి చిక్కుపడిన జుట్టు ఉండల్లా వస్తాయి. వాటిని ఎపాక్సీలో వేసి మామూలు స్టిరర్‌తో తిప్పితే పైకి నున్నని నల్లటి ద్రవంలాగే కనిపిస్తుంది. దాని చుక్క ఒకటి గాజు స్లైడు మీద పలుచగా పరిచి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. లేత బూడిద రంగు నేల మీద నల్ల ఆవగింజల్లాంటి ఉండలు కనబడతాయి. అదే మిశ్రమాన్ని మూడు రోలర్ల మిల్లులో నాలుగైదు సార్లు నడిపించి మళ్లీ పరిస్తే స్లైడు అంతా ఒకే పొగ రంగులోకి వస్తుంది. ఒకే మోతాదుతో ఈ రెండు విధాలా పోసిన పలకలను నేను పక్కపక్కనే కొలిచినప్పుడు, రెండూ ఒకే పదార్థమంటే నమ్మబుద్ధి కాలేదు: మొదటిది తరంగాన్ని దాదాపు పట్టించుకోలేదు, రెండోది అనుకున్న పౌనఃపున్యం దగ్గర పరావర్తనం గ్రాఫులో లోతైన గుంట చూపించింది. కాబట్టి రోలర్ల మిల్లు గాని, మంచి సోనికేటర్ (అతిధ్వని తరంగాలతో ఉండలను విడగొట్టే పరికరం) గాని అందుబాటులో లేనివారు నానోట్యూబు పొడి కొనవద్దు. ముందే రెజిన్‌లో చెదరగొట్టి అమ్మే మాస్టర్‌బ్యాచ్ కొనుక్కోవడం మేలు. 1 శాతం దాటితే ఎపాక్సీ ఇడ్లీ పిండిలా చిక్కబడి గాలి బుడగలను వదలదు, అందుకని బుడగలను లాగేసే వాక్యూమ్ పాత్ర కూడా ఉండాలి.

ఆరోగ్యం సంగతి దాటవేయకూడదు. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నానోట్యూబుల్లో ఒక గట్టి రకాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ 2013లో పనిచేసే చోట గాలిలో ఘనపు మీటరుకు 1 మైక్రోగ్రాము మించకూడదని సిఫారసు చేసింది. ఎండు పొడిని ఫ్యాన్ కింద తూచడం, మాస్కు లేకుండా సీసా మూత తీయడం, గట్టిపడిన పలకను దుమ్ము లేచేలా రుద్దడం మానుకోవాలి. పలకను కోసేటప్పుడు నీళ్లు చల్లుతూ కోయడం నా అలవాటు.

గ్రాఫీన్ పేరుతో శోషకాల్లో వాడేది చాలావరకు అసలు గ్రాఫీన్ కాదు. గ్రాఫైట్‌ను ఆక్సీకరించి, విడదీసి, మళ్లీ క్షయకరించిన ఆక్సైడు. 1958లో వెలువడిన హమ్మర్స్ పద్ధతి నేటికీ దీనికి ఆధారం. ఈ రకంలో మిగిలిపోయే లోపాలు, ఆక్సిజన్ గుంపులు వాహకత పరంగా కొరతే అయినా శోషణకు వరమని చెప్పాలి. మచ్చలేని గ్రాఫీన్ వాహకత మరీ ఎక్కువై తరంగాన్ని తిప్పికొడుతుంది. లోపాలున్న రేకులు లోపలికి రానిచ్చి, తమ అంచుల దగ్గర ఆవేశాలను అటూ ఇటూ ఊపి తరంగ శక్తిని తినేస్తాయి. ఎంతసేపు క్షయకరించామన్నదాన్ని బట్టి వాహకతను మనకు కావలసిన చోట ఆపవచ్చు. ఈ సౌలభ్యం మిగతావాటిలో ఇంత సులభంగా దొరకదు, అందుకే పరిశోధకులకు దీని మీద మక్కువ. తేలికపాటి ఏరోజెల్ నురుగుల రూపంలో చేస్తే బరువు ఇంకా తగ్గుతుంది. అయితే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, పొటాషియం పర్మాంగనేట్‌లతో చేసే పని కాబట్టి ఆమ్లపు వ్యర్థజలం పెద్ద మొత్తంలో వస్తుంది, ఒక బ్యాచ్‌కూ ఇంకొక బ్యాచ్‌కూ ఆక్సిజన్ శాతం మారుతుంది. నెలకు వందల కిలోల పూత కావలసిన తయారీదారుకు దీన్ని నేను ప్రస్తుతానికి సూచించను.

మాక్సీన్ 2011లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో వెలుగుచూసింది. నీటిలో సులభంగా కలుస్తుంది, సిరాలా స్ప్రే చేయవచ్చు. కాని నీటిలో ఉంచిన టైటానియం కార్బైడ్ మాక్సీన్ గది ఉష్ణోగ్రత దగ్గర రోజులు, వారాలు గడిచేకొద్దీ ఆక్సీకరించి టైటానియం డయాక్సైడుగా మారిపోతుంది. నల్లని ద్రవం తెల్లబడుతుంది. కోస్తాలోని తేమలో, విశాఖ లాంటి సముద్ర తీర నగరాల్లో ఏళ్ల తరబడి బయట ఉండవలసిన పరికరానికి దీన్ని పూయడం తొందరపాటు. తయారీలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాని, దాన్ని అక్కడికక్కడే పుట్టించే లవణాలు గాని వాడతారు కాబట్టి, తగిన సదుపాయం లేని కాలేజీ ల్యాబులో విద్యార్థులు చేయవలసిన పని కాదు.

అయస్కాంత పొడి ఎప్పుడు చేర్చాలి

కార్బన్ తరంగంలోని విద్యుత్ క్షేత్రాన్ని మాత్రమే పట్టుకుంటుంది. కార్బొనిల్ ఐరన్ (అతి సన్నని స్వచ్ఛమైన ఇనుప పొడి), ఫెర్రైట్, నికెల్ వంటివి అయస్కాంత క్షేత్రాన్నీ పట్టుకుంటాయి. రెండూ కలిసినప్పుడు ముందు ముఖం అవరోధం 377 ఓములకు దగ్గరవుతుంది, అదే పౌనఃపున్యానికి మందం తగ్గుతుంది. దీనికి చెల్లించవలసిన మూల్యం బరువు. కార్బొనిల్ ఐరన్ ఒక్కదానితో చేసిన రబ్బరు షీటులో బరువు పరంగా 80 శాతం ఇనుమే ఉంటే దాని సాంద్రత ఘనపు సెంటీమీటరుకు మూడున్నర గ్రాములకు చేరుతుంది, అంటే 2 మిల్లీమీటర్ల షీటు చదరపు మీటరుకు 7 కిలోలు తూగుతుంది. అదే మందంలో నానోట్యూబు ఎపాక్సీ పలక రెండున్నర కిలోలు కూడా తూగదు. ఓడ మీదో, నేల మీద నిలిపిన యాంటెన్నా స్తంభం మీదో 7 కిలోలు సమస్య కాదు. విమానం మీద అది తేల్చేసే సంగతి.

నేను ఎక్కువగా మొగ్గేది మధ్యేమార్గానికి: ఇనుము మోతాదు బాగా తగ్గించి, ఆ లోటును కొద్దిపాటి నానోట్యూబులతోనో వాహక కార్బన్ బ్లాక్‌తోనో పూడ్చడం. 4 నుంచి 12 గిగాహెర్ట్జ్ మధ్య పనిచేసే పూతలకు ఇది బరువుకూ మందానికీ మధ్య మంచి సర్దుబాటు. కాని ఇనుప పొడికి తుప్పు శత్రువు. తీర ప్రాంతాల కోసమైతే సిలికా పొర తొడిగిన ఇనుప పొడి అడగాలి, లేదా వాహకత లేని ఫెర్రైట్‌కు మారాలి.

ఒకే పౌనఃపున్యం దగ్గర, చదునైన ఉపరితలం మీద, చోటు ఉన్నప్పుడు ఇవన్నీ అక్కరలేని దారి ఇంకొకటి ఉంది. 1952 నాటి పేటెంటుతో ప్రసిద్ధమైన సాలిస్‌బరీ తెర అది: చదరానికి 377 ఓములు ఉండేలా కార్బన్ సిరా పూసిన పలుచని పొరను లోహానికి నాలుగోవంతు తరంగదైర్ఘ్యం దూరంలో నిలబెట్టడమే. 10 గిగాహెర్ట్జ్‌కు ఏడున్నర మిల్లీమీటర్ల ఫోమ్ అట్ట మధ్యలో పెడితే చాలు. పౌనఃపున్యం పట్టీ ఇరుకే అయినా ఖర్చు అతి స్వల్పం, నేర్చుకునేవారికి మొదటి ప్రయోగంగా దీనికి మించినది లేదు.

అమ్మేవారి కాగితాన్ని ఎలా చదవాలి

పరిశోధన పత్రాల్లోనూ అమ్మకపు కాగితాల్లోనూ ముందుగా కళ్లకు కనబడేది పరావర్తన నష్టం కనిష్ఠ విలువ, మైనస్ 50, మైనస్ 60 డెసిబెల్‌లంటూ. మైనస్ 10 అంటే 90 శాతం శోషణ, మైనస్ 20 అంటే 99 శాతం. అక్కడినుంచి మైనస్ 60 దాకా పోయినా మిగిలిన ఒక్క శాతంలోనే తేడా. పైగా ఆ లోతైన గుంట ఒకానొక మందం దగ్గర, ఒకానొక పౌనఃపున్యం దగ్గర మాత్రమే వస్తుంది, పూతలో 0.1 మిల్లీమీటరు తేడా వస్తే పక్కకు జరిగిపోతుంది. చాలా పత్రాల్లో ఆ విలువ కొలిచినది కూడా కాదు. పొడిని పారాఫిన్ మైనంలో కలిపి, 7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న ఉంగరంగా నొక్కి, దాని పెర్మిటివిటీ కొలిచి, సూత్రంలో మందాలు మార్చుకుంటూ లెక్కగట్టినది. మైనపు ఉంగరానికీ గోడకు పూసే పూతకూ చాలా దూరం. మీరు అడగవలసింది మైనస్ 10 డెసిబెల్‌ల కంటే కింద ఎన్ని గిగాహెర్ట్జ్‌ల వెడల్పు వస్తుంది, ఎంత మందానికి, లోహం మీద పెట్టి ఆర్చి పద్ధతిలో (కమాను చట్రం మీది యాంటెన్నాలతో పలక పరావర్తనాన్ని నేరుగా కొలవడం) కొలిచారా అన్నది.

అబద్ధపు వాదనలను పసిగట్టడానికి ఒక సులువైన లెక్క ఉంది. రోజనోవ్ అనే శాస్త్రవేత్త 2000లో నిరూపించిన హద్దు ప్రకారం, అయస్కాంత గుణం లేని, వెనక లోహం ఉన్న శోషకం మైనస్ 10 డెసిబెల్‌లతో కప్పగల తరంగదైర్ఘ్యాల వెడల్పు దాని మందానికి సుమారు 17 రెట్లకు మించదు. 8 నుంచి 12 గిగాహెర్ట్జ్ అంటే తరంగదైర్ఘ్యం 37.5 నుంచి 25 మిల్లీమీటర్లు, వెడల్పు 12.5, కనీస మందం 0.73 మిల్లీమీటరు. అదే 2 నుంచి 18 గిగాహెర్ట్జ్ మొత్తం కప్పాలంటే కనీసం 7.8 మిల్లీమీటర్లు కావాలి. కాబట్టి 2 మిల్లీమీటర్ల గ్రాఫీన్ షీటు 2 నుంచి 18 గిగాహెర్ట్జ్ దాకా 90 శాతం మింగేస్తుందని ఎవరైనా చెబితే, వారు ఎంతటి పేరున్నవారైనా, ఆ కాగితాన్ని పక్కన పెట్టండి.

నమూనా తెప్పించాక

ఎంపిక ఏదైనా, కొనే ముందు నమూనా మీరే కొలిపించుకోండి. హైదరాబాదులో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, విశాఖపట్నంలో మైక్రోవేవ్ పరిశోధన సంస్థ సమీర్ కేంద్రం విద్యుదయస్కాంత పరీక్షలు చేస్తాయి. హైదరాబాదులోని కొత్త పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో కార్బన్ పదార్థాలకు ప్రత్యేక కేంద్రమే ఉంది. కాలేజీలో నెట్‌వర్క్ ఎనలైజర్ (తరంగం ఎంత తిరిగివచ్చిందో, ఎంత దాటిందో కొలిచే పరికరం), ఎక్స్ బ్యాండ్ వేవ్‌గైడ్ (8 నుంచి 12 గిగాహెర్ట్జ్ తరంగాలను నడిపించే లోహపు గొట్టం) ఉంటే పెర్మిటివిటీ వరకు అక్కడే చూసుకోవచ్చు. ఆ వేవ్‌గైడ్ లోపలి కొలతలు 22.86, 10.16 మిల్లీమీటర్లు. నమూనాను 10.16 మిల్లీమీటర్ల దిశలో వెంట్రుకవాసి తక్కువ కోసినా, విద్యుత్ క్షేత్రం సరిగ్గా ఆ ఖాళీని దాటుకుంటూ పోతుంది కాబట్టి పెర్మిటివిటీ అసలుకంటే చాలా తక్కువగా కనబడుతుంది. వాహకత ఎక్కువున్న నమూనాలతో ఈ పొరపాటు ఇంకా పెద్దదవుతుంది. ఒకసారి ఇలాగే ఒక మంచి మిశ్రమాన్ని పనికిరాదని నేను పక్కన పెట్టేయబోయాను. అంచులకు వెండి పెయింటు పూసి మళ్లీ కొలిచాకే అసలు విలువ తెలిసింది. కాబట్టి నమూనా కొంచెం బిగుతుగా పట్టేలా కోసి, సన్నని ఎమరీ కాగితంతో కొద్దికొద్దిగా రుద్దుతూ కూర్చాలి.

చివరిగా, ఒకే బ్యాచ్ నుంచి రెండు నమూనాలు అడిగితే అమ్మేవారు సంతోషంగా పంపుతారు. మీరు అడగవలసింది వేర్వేరు నెలల్లో తయారైన రెండు బ్యాచ్‌ల నుంచి ఒక్కొక్కటి. రెండింటి గుంటలు ఒకే చోట పడితే ధర గురించి మాట్లాడడం మొదలుపెట్టవచ్చు.